పచ్చిమట్టి యువరాజు

ధూమ్రగిరి గుహలో కళ్ళు తెరిచేసరికి మట్టివాడికి మొట్టమొదట గుర్తొచ్చింది చేపల పులుసు. నాగఝరి ఏటి గట్టున, ముసురు పట్టిన సాయంత్రం, మాచమ్మ దాకలోంచి వేడివేడిగా వడ్డించిన పులుసు. ఆ పులుపు ఇంకా నాలుక మీద ఉంది. పొయ్యి పొగ కళ్ళలో ఉంది. తమాషా ఏమిటంటే, అప్పటికి వాడు పుట్టి గడియ కూడా కాలేదు.

ఎదురుగా మాంత్రికుడు భస్మాంగదుడు మోచేతుల దాకా అంటిన మట్టిని కడుక్కుంటున్నాడు. పక్కన రాతిబల్ల మీద వలయపురి యువరాజు తరంగదత్తుడు ఒళ్ళెరగని నిద్రలో పడి ఉన్నాడు. పడుకున్నవాడిదీ లేచి కూర్చున్నవాడిదీ ఒకటే ముఖం. అదే కోటేరేసిన ముక్కు, అవే భుజాలు, తెడ్డు వేసి వేసి కాయలు కాచిన అవే అరచేతులు. యువరాజు తల దగ్గర ఒక ప్రమిద వెలుగుతోంది.

గొప్పలు చెప్పుకోకపోతే మాంత్రికులకి తిన్నది అరగదు. భస్మాంగదుడు తన పనితనమంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. కొండవాలు మట్టి తెచ్చి, తన మణికట్టు కోసి, ఆ రక్తంతో పిసికి బొమ్మను చేశాడు. ఆ ప్రమిద వెలుగు గుండా యువరాజు బతికిన బతుకంతా బొమ్మలోకి దించాడు. ప్రమిదలో చమురు పొద్దుగూకే దాకా వస్తుంది. చమురు అయిపోయి దీపం తనంతట తాను కొండెక్కిందా, యువరాజు ప్రాణం పోతుంది, అతని బతుకు శాశ్వతంగా మట్టివాడిదైపోతుంది. ఈలోగా ఎవరైనా ఒత్తిని వేళ్ళతో నలిపేశారా, బతుకు సొంతదారు దగ్గరికి వెళ్ళిపోతుంది, ఇక్కడ మిగిలేది కాళ్ళ కింద తొక్కే మట్టి. గుహ ద్వారం తన రక్తం తగిలితే తప్ప తెరుచుకోదు కాబట్టి ఆ భయమేమీ లేదని కూడా చెప్పి నవ్వాడు.

ఇంత తతంగం ఎందుకయ్యా అంటే, వలయపురి ఆచారం అలాంటిది. అక్కడ రాజుగారి బిడ్డ రాజుగారింట పెరగడు. పురుడు తీరగానే ఏదో ఒక పనిపాటల వాళ్ళ ఇంటికి ఇచ్చేస్తారు. చలి ఎరగనివాడు కంబళి పంచలేడని ఆ ఊరి పెద్దల పట్టుదల. తరంగదత్తుణ్ణి పుట్టి నడిపే మాచమ్మకి ఇచ్చారు. వెదురు అల్లి తోలు కప్పిన ఆ గుండ్రటి పడవలోనే వాడు పాకాడు, నడిచాడు, నూనూగు మీసాలవాడయ్యాడు. పట్టాభిషేకం నాడు ఆ పెంచిన తల్లి నిండు సభలో వీడు నా బిడ్డేనని గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని నడిపించి, సింహాసనం మీద కూర్చోబెట్టాలి. అలా కూర్చున్న రాజు నోట వచ్చిన తొలిమాట శాసనం. దాన్ని ఆ రాజు కూడా మార్చలేడు. ఒకాయన ఖైదీలను విడిపించాడు. ఒకాయన చెరువులు తవ్వించాడు. ఒకాయన కంగారులో నోరు జారి గుమ్మడికాయ అన్నాడు, ఆయన పుణ్యాన ఇప్పటికీ వలయపురిలో గుమ్మడికాయకి సుంకం లేదు.

భస్మాంగదుడికి ఆ తొలిమాట కావాలి. ఈ రాజ్యం భస్మాంగదుడిది అని సింహాసనం మీంచి ఒక్కసారి అంటే చాలు. ముఖం ఒక్కటే పోలితే మాచమ్మ ఇట్టే పట్టేస్తుంది. అందుకే ముఖంతోపాటు బతుకంతా పోశాడు.

మట్టివాడు ఒక్క సందేహం అడిగాడు. అతని బతుకంతా నాలో ఉంటే నేనూ అతనిలాగే అయిపోను గదా, అని.

భస్మాంగదుడు పగలబడి నవ్వాడు. "బతికిన బతుకు పైన వేసుకునే అంగీ రా. ఎవడికి తొడిగినా పడుతుంది. లోపల ఉండేది రక్తం. బుద్ధి పుట్టుకతో రావాలి, మిగతాదంతా దులిపితే పోయే దుమ్ము. నీ ఒంట్లో ఉన్నది నా రక్తం. అది నా మాటే వింటుంది."

మట్టివాడు తల ఊపాడు. నరాల్లో ఏదో నిజంగానే సరేనంది.

కొండ దిగితే నాగఝరి, ఏటికి అవతల వలయపురి. అబ్బ, ఆ వేళ ఆ నగరం చూడాలి. వలయాలు వలయాలుగా లేచిన ప్రాకారాలు, వాటి మీద మకరతోరణాలు, బంగారు కలశాలు తాపిన గోపురాలు, గాలికి రెపరెపలాడే పగడాల రంగు పట్టుజెండాలు. వీధివీధినా పన్నీటి కళ్ళాపి, ముత్యాల ముగ్గులు, గజశాలల ముందు కుంకుమ పూసిన కుంభస్థలాలతో బారులు తీరిన భద్రగజాలు. మేడల మీంచి మంగళవాద్యాలు, ఆ వాద్యాలకి బెదిరి ఒక్కపెట్టున లేచే పావురాలు. రేవులో మాత్రం ఎప్పటి గోలే. నేను ముందంటే నేను ముందని తోసుకునే జనం, మేకలు, గంపలు, బూతులు.

భస్మాంగదుడు ఛత్రం పట్టే సేవకుడి వేషం కట్టాడు. వేషమూ కుదిరింది, ఛత్రమూ అవసరమే, ఎందుకంటే పచ్చిమట్టి మీద నీటిచుక్క పడరాదు. కాల్చవచ్చు గదా అంటే, కాలిస్తే మంత్రం చచ్చిపోతుందట. పుట్టిలో నడిమధ్యన, తడి తగలని చోట మట్టివాణ్ణి కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకో, నీటివైపు చూడనే చూడకు అని మరీ మరీ చెప్పాడు.

నడిఏట్లో ముందు పోతున్న పుట్టి బండకి తగిలి బోర్లా పడింది. పట్టాభిషేకం చూడబోతున్న జనమంతా నీళ్ళపాలయ్యారు. ఈదగలిగినవాళ్ళు ఈదారు. ఒక ముసలాయన మాత్రం మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ఆయన మునిగిన చోటికి మడుగు వైపునుంచి ఒక మొసలి నింపాదిగా బయల్దేరింది.

మట్టివాడు ఆలోచించి ఉంటే దూకేవాడు కాదు. ఆలోచన వచ్చేసరికే నీళ్ళలో ఉన్నాడు. సుడికి ఎదురీదితే చస్తారని, దాని అంచున పడి జారిపోవాలని వాడి భుజాలకి తెలుసు. ముసలాయన జుట్టు దొరకబుచ్చుకుని బండ మీదికి తోశాడు. మొసలి నోరు తెరుచుకుని వచ్చి వాడి ఎడమచేతిని పట్టింది గాని, పట్టింది పట్టినట్టే నోట్లో బురదైపోయేసరికి బిత్తరపోయి వదిలేసి పోయింది. దానికి పుట్టి బుద్ధెరిగి ఇలాంటి అనుభవం లేదు. మట్టివాడు చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. వేళ్ళు లేవు. తక్కిన ఒళ్ళంతా అప్పటికే మెత్తబడి జిగటగా జారుతోంది.

నొప్పి లేదు. భయం మాత్రం గట్టిగా వేసింది. భస్మాంగదుడు ఛత్రం కర్ర అందించి వాణ్ణి పైకి లాగాడు, ఎండలో ఆరబెట్టాడు, ఆరినంతసేపూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ప్రాణం పోసిన మట్టికి అతుకు పడదు, పోయిన వేళ్ళు పోయినట్టే. మొండిచేతికి పట్టుగుడ్డ చుడుతూ, నీళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ చచ్చేంత భయం, నా రక్తం ఒంట్లో పెట్టుకుని నువ్వెలా దూకావురా అని నిలదీశాడు. మట్టివాడికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. మనిషి కళ్ళముందు మునుగుతుంటే దూకక ఏం చేస్తారు? పైగా ఇంకో సంగతి తట్టి వాడి మనసు కొంచెం పొంగింది. ఇందాక దూకింది తరంగదత్తుడు కాదు, అతను గుహలో నిద్రపోతున్నాడు. ఆ దూకుడు అచ్చంగా తనదే.

సభామంటపంలో మాచమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. ఎండకీ ఏటిగాలికీ నల్లబడ్డ మనిషి, రాణివాసం వాళ్ళు కట్టబెట్టిన జరీకోకతో అవస్థ పడుతోంది. కొడుకు రావడం చూసి కూడా ఎదురు రాలేదు. కొడుకైతే కొడుకే గాని, గుర్తుపట్టడమంటే గుర్తుపట్టడమే. ఆ ఊళ్ళో పెంపుడు తల్లులు ఆ ఒక్క విషయంలో రాజుకీ భయపడరు. వాణ్ణి ఎగాదిగా చూసి, సభవైపు తిరిగింది.

"వీడికి చిన్నప్పుడు నీళ్ళంటే భయం. చెవి మెలేసి లాక్కెళ్తే గాని పుట్టెక్కేవాడు కాదు."

పరీక్షిస్తోందని మట్టివాడికి తెలుసు. అయినా ఒళ్ళు మండింది. "అబద్ధం. భయం నీకు. పెద్దవరద వచ్చిన ఏడు నువ్వు గట్టు మీద కూలబడి ఏడుస్తుంటే పుట్టి తోసింది నేను. చెబితే నీ పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

సభ గొల్లుమంది. మాచమ్మ ముఖం చేటంత అయింది.

"నా కొడుకే. ఇంత పెంకితనం ఎక్కడా అరువుకు దొరకదు."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఈ పెంకితనం అరువుదే మరి. మాచమ్మ వాడి చెయ్యి అందుకుంది. పట్టుగుడ్డ కింద వేళ్ళ కోసం తడిమింది, దొరకలేదు. గొంతు తగ్గించి ఏమైందిరా అంది. ఏట్లో పోయాయన్నాడు. ఎందుకు దిగావంది. ఎవరో మునుగుతుంటే అన్నాడు. మరి ఆ మనిషి దక్కాడా అంది. దక్కాడన్నాడు. అయితే పోతే పోయాయిలే అని, ఆ మొండిచేతినే గట్టిగా పట్టుకుని నడిపించింది.

సింహాసనం దాకా నడిచిన ఆ కాసేపట్లో మట్టివాడికి అంతా తేటతెల్లమైంది. ఈమె కడుపులో పెట్టుకుని పెంచిన కొడుకు గుహలో చుక్కచుక్కగా చమురుతో పాటు అయిపోతున్నాడు. తను మాట్లాడకపోతే సాయంత్రానికి ఈ చెయ్యి తనదే, ఈ తల్లి తనదే. మాట్లాడితే తనకి మట్టి. ఇంత అన్యాయపు బేరం ఎవరికీ రాకూడదు అనుకున్నాడు. అనుకుంటూనే కూర్చున్నాడు.

నగారా మోగి ఆగింది. వెనక నిలబడ్డ సేవకుడు ఛత్రం కొసతో వీపున పొడిచాడు. నరాల్లో రక్తం భస్మాంగద, భస్మాంగద అని కొట్టుకుంది. కొట్టుకుంటే కొట్టుకోనిచ్చి మట్టివాడు గొంతెత్తాడు.

"ఇప్పుడు ఈ సింహాసనం మీద కూర్చున్నవాడు రాజు కాడు."

నగారా అలవాటు కొద్దీ మోగింది. శాసనం అయిపోయింది. ఇక వాడు ఆ గద్దె మీద కూర్చుని గొంతు చించుకున్నా ఒక్క మాటకీ విలువ లేదు. ఎన్నాళ్ళనుంచో పన్నిన పన్నాగం ఒక్క ముక్కతో గంగలో కలిసింది. వృద్ధమంత్రి నోరు తెరుచుకుని చూస్తుండగా మట్టివాడు గబగబా తానెవరో చెప్పాడు, గుహ సంగతి చెప్పాడు, ప్రమిద సంగతి చెప్పాడు. మాచమ్మ పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలింది.

ఛత్రం కిందపడింది. సేవకుడు నిలబడ్డ చోట ఇప్పుడు భస్మాంగదుడున్నాడు. నడుముకి పులితోలు, మెడలో కపాలమాల, ఒళ్ళంతా విభూతి, నిప్పుకణికల్లాంటి కళ్ళు, మోకాళ్ళ దాకా వేలాడే జడల్లో పాము పిల్లలు. ఆ ఆకారాన్ని చూసి ముందు వరసలోని సామంతులు ఒకరి మీద ఒకరు పడ్డారు. భటులు బల్లేలు విసిరారు. గుప్పెడు బూడిద జల్లేసరికి ఆ బల్లేలన్నీ గాల్లోనే తాటాకుల్లా కాలి రాలాయి.

"కృతఘ్నుడా, నీ ఒంట్లో పారేది నా రక్తం," అన్నాడు.

మట్టివాడు సింహాసనం దిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "పారితే పారనీ. నీ రక్తం ఒక్కనాడైనా నాతో ఏటి మీదికి వచ్చిందా? నాతో ఒక్కపూట పస్తు ఉందా? ముసురులో తడిసిందా, వరదలో తెడ్డు పట్టిందా? నన్ను పెంచిన ఆ బతుక్కి నా మీద హక్కుంటుంది. నీకేముంది?"

భస్మాంగదుడు నోటిలో ఏదో గొణిగి వేలు ఆడించాడు. మట్టివాడి కుడి మోకాలి దగ్గర ఎండాకాలపు చేలో పడ్డట్టు నెర్రె పడింది. మరుక్షణం మాంత్రికుడు ఏనుగంత గబ్బిలమై, గోపురం చీల్చుకుని ఆకాశంలోకి లేచాడు. వాడి రెక్కల వెంట దిక్కుదిక్కునా మబ్బులు కమ్ముకొచ్చాయి.

మంత్రి ఏనుగులన్నాడు, గుర్రాలన్నాడు, సైన్యమన్నాడు. మట్టివాడు అడ్డం తిరిగాడు. ఎంత సైన్యం పోయినా గుహ తెరుచుకోదు, భస్మాంగదుడి రక్తం ఉన్నవాడే వెళ్ళాలి. ఈ దిక్కుమాలిన రక్తం పనికొచ్చేది ఆ ఒక్కదానికే అన్నాడు. మాచమ్మ అప్పుడు అడిగింది, ఒత్తి నలిపితే నువ్వేమైపోతావని. మట్టిని అవుతానన్నాడు. ఆమె జరీకోక మోకాళ్ళపైకి ఎగ్గట్టి రేవువైపు నడిచింది.

రేవులో నాగఝరి నురగలు కక్కుతోంది. మబ్బుల సందున పొద్దు వాలిపోతోంది. పడవవాళ్ళు ఒక్కరూ కదలలేదు, బంగారం పోసినా పోమన్నారు. మాచమ్మ తన పుట్టిని లాగి నీళ్ళలో పెట్టింది. పెట్టి, మట్టివాణ్ణి గట్టు మీద నిలబెట్టి, ఒక్కసారి ఒళ్ళంతా వేలితో తడిమి చూసింది. పుట్టిలోకి నీరు దిగకుండా తోలుకి పూసే కీలు ఒక కుండలో కాగుతోంది. దాన్ని గుడ్డతో ముంచి వాడి మోకాలికి పూసింది, మొండిచేతికి పూసింది, మెడకీ వీపుకీ పట్టించింది. చిల్లులు పడ్డదాన్ని ఏటికి పనికొచ్చేలా చెయ్యడం ఆమెకి తెలిసిన వైద్యం. కీలు వేడి చురుక్కుమంటే మట్టివాడు పళ్ళు బిగించాడు. కదలకు అని గదమాయించింది. తాటాకు గొడుగు నెత్తిన పెట్టింది.

నడిఏట్లోకి వచ్చేసరికి వాన దంచేసింది. గాలి గొడుగుని లాక్కుపోయింది. కీలు పూసిన చోట నీరు జారిపోతోంది, పూయని చోట మట్టి జారిపోతోంది. కుడిచెవి కరిగి భుజం మీద పడింది. మట్టివాడు ఒంటిచేత్తో తెడ్డు వేస్తున్నాడు. దుంగలు కొట్టుకొస్తుంటే కాలితో తంతున్నాడు. ధూమ్రగిరి కొమ్ము అప్పుడప్పుడూ మెరుపులో కనిపిస్తోంది.

నెత్తి మీద గబ్బిలం చుట్టు తిరిగింది. దాని గొంతు ఇప్పుడు మెత్తగా ఉంది.

"పుట్టి తిప్పు. వాన ఆపేస్తాను. వాడు పోతే ఆ బతుక్కి వారసుడివి నువ్వొక్కడివే. రాజ్యం పోతే పోయింది, ఈ తల్లి నీది, ఈ ఏరు నీది, నిండు నూరేళ్ళు బతుకుతావు. వాడు ఎరిగిందంతా నువ్వెరుగుదువు. వాడికీ నీకూ తేడా ఏముంది? నువ్వే వాడివి."

మాచమ్మకీ వినిపించింది. ఆమె తెడ్డు ఒక్క క్షణం గాల్లో ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. మట్టివాడికి బతకాలని ఉంది. పుట్టింది ఇవాళే, తన నోటితో ఇంకా ఒక్క ముద్ద తినలేదు. ఏడుపు ముంచుకొచ్చింది గాని, అదీ నీళ్ళే కాబట్టి దిగమింగాడు. దిగమింగి తల పైకెత్తాడు.

"నేనే వాణ్ణయితే, మునిగేవాణ్ణి వదిలేసి పోయే రకం కాదు వాడు. నేను వాణ్ణి కాకపోతే, వాడి బతుకు నాకెందుకు? అడ్డు తప్పుకో."

తెడ్డు బలంగా నీళ్ళలో గుచ్చాడు. పుట్టి గిర్రున తిరిగి కొండవైపు దూసుకుపోయింది. గబ్బిలం ఒక్క అరుపు అరిచి, రెక్కలు ముడిచి, గోళ్ళు చాచి సూటిగా వాడి మీదికి దిగింది.

మాచమ్మ లేచి నిలబడి తెడ్డు రెండు చేతులా పైకెత్తింది.

"వంగు కొడకా," అంది.